'ఐపీ' పెట్టినా, లోన్ సెటిల్ చేసుకున్నా... మళ్లీ అప్పు పుట్టాలంటే ఏం చేయాలి?

క్రెడిట్ కార్డు బాకీ సగానికి సెటిల్ అయింది. బ్యాంకు ఫోన్లు ఆగాయి. రికవరీ ఏజెంట్లు రావడం మానేశారు. ఇక ఆ గొడవ ముగిసిందని చాలామంది అనుకుంటారు. రెండు మూడేళ్లు గడిచాక హోమ్ లోన్‌కో, పిల్లల చదువు లోన్‌కో దరఖాస్తు చేసినప్పుడు అసలు విషయం బయటపడుతుంది. "సర్, మీ సిబిల్‌లో సెటిల్డ్ అని ఉంది, లోన్ రాదు" అన్న సమాధానం వస్తుంది.

బాకీ తీరడం వేరు, పరపతి తిరిగి రావడం వేరు. ఈ రెంటి మధ్య దూరం ఎంత? ఆ దూరాన్ని దాటడానికి చట్టం ఏమైనా సాయం చేస్తుందా? వ్యాపారం దెబ్బతిని, ఉద్యోగం పోయి, ఆస్పత్రి ఖర్చులతో అప్పుల్లో మునిగి బయటపడినవారు మళ్లీ మొదలుపెట్టాలంటే ఏం చేయాలి?

'ఐపీ పెట్టడం' అంటే అసలేమిటి?

తెలుగు రాష్ట్రాల్లో 'ఫలానా వ్యాపారి ఐపీ పెట్టేశాడు' అనే మాట వినని వారుండరు. ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. అప్పులు తీర్చలేని వ్యక్తి తనను దివాలాదారుగా ప్రకటించాలని సివిల్ కోర్టును కోరడం.

దీనికి ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. ముంబయి, కోల్‌కతా, చెన్నై నగరాలకు 1909 నాటి వేరే చట్టం ఉంది. 500 రూపాయల అప్పు ఉన్నా పిటిషన్ వేయవచ్చన్న నిబంధన చూస్తే ఇది ఏ కాలపు చట్టమో అర్థమవుతుంది.

జనంలో ఉన్న అభిప్రాయం ఏమిటంటే, ఐపీ పెడితే అప్పులన్నీ ఎగిరిపోతాయని. చట్టం అలా చెప్పదు. కోర్టు దివాలాదారుగా ప్రకటిస్తే ఆ వ్యక్తి ఆస్తి కోర్టు లేదా రిసీవర్ చేతికి వెళుతుంది. అప్పులిచ్చిన వారికి దాన్ని పంచుతారు. పిటిషన్‌కు ముందు ఆస్తిని భార్య పేరునో, బంధువుల పేరునో ఉత్తినే రాసేస్తే, రెండేళ్ల లోపు బదిలీలను కోర్టు రద్దు చేయగలదు.

అప్పుల నుంచి విముక్తి కోసం ఆ తర్వాత, కోర్టు ఇచ్చిన గడువులో, 'డిశ్చార్జి' కోరుతూ మరో దరఖాస్తు పెట్టుకోవాలి. గడువులో పెట్టకపోతే దివాలా ప్రకటనే రద్దు కావచ్చు. డిశ్చార్జి వచ్చినా ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీలు, మోసం చేసి తెచ్చిన అప్పులు పోవు. చెక్ బౌన్స్ క్రిమినల్ కేసు కూడా ఐపీ పెట్టినంత మాత్రాన ఆగిపోదు.

ఇంకో నిబంధన చాలామందికి తెలియదు. డిశ్చార్జి రాని దివాలాదారు ఆ సంగతి చెప్పకుండా 50 రూపాయలు, అంతకు మించి అప్పు తీసుకుంటే ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు.

2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది కదా?

వచ్చింది. కానీ మామూలు మనిషి దాకా రాలేదు.

ఐబీసీగా పిలిచే 2016 దివాలా చట్టంలో మూడో భాగం వ్యక్తులకు, భాగస్వామ్య సంస్థలకు ఉద్దేశించినది. అందులో 2019 డిసెంబర్ 1 నుంచి అమల్లోకి తెచ్చింది ఒక్క వర్గానికి సంబంధించే. కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చిన వారికి. అంటే ప్రమోటర్లు, డైరెక్టర్ల వంటి వారికి. వారి విషయంలో ఈ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు 2021లో, మళ్లీ 2023లో తేల్చింది.

క్రెడిట్ కార్డు, పర్సనల్ లోన్ తీసుకున్న ఉద్యోగికి, కిరాణా కొట్టు నడుపుకొనే చిరు వ్యాపారికి ఆ భాగం ఇంకా అమల్లోకి రాలేదు. నిరుపేదల కోసం 'ఫ్రెష్ స్టార్ట్' అనే పద్ధతి కూడా చట్టంలో రాసి ఉంది. ఏడాది ఆదాయం 60 వేల రూపాయలు, ఆస్తులు 20 వేలు, అర్హమైన అప్పులు 35 వేలు దాటకుండా, సొంతిల్లు లేని వారికి బాకీల నుంచి విముక్తి ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. అదీ కాగితం మీదే ఉంది. అందుకే వందేళ్లు దాటిన పాత చట్టమే ఇప్పటికీ దిక్కు.

ఫలితం ఏమిటంటే, మన దగ్గర అప్పుల్లో చిక్కుకున్న వారిలో ఎక్కువమంది కోర్టు దాకా వెళ్లరు. బ్యాంకుతో బేరమాడి సెటిల్ చేసుకుంటారు, లేదా కట్టడం మానేస్తారు. ఆ తర్వాత వారికి మళ్లీ అప్పు పుడుతుందా లేదా అన్నది కోర్టు ఉత్తర్వు కాకుండా క్రెడిట్ రిపోర్టు తేలుస్తుంది.

ఆ రిపోర్టులో ఏం రాస్తారు?

దేశంలో ఆర్‌బీఐ అనుమతి ఉన్న క్రెడిట్ సమాచార సంస్థలు నాలుగు. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. మనం అన్నింటినీ కలిపి 'సిబిల్' అనేస్తాం కానీ నాలుగింటి దగ్గరా మన రికార్డు వేర్వేరుగా ఉంటుంది. ఒకదాంట్లో సరిచేసిన తప్పు మరోదాంట్లో అలాగే ఉండిపోవచ్చు.

స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. అందరూ ఆ అంకెనే చూస్తారు. దెబ్బతిన్న వారు ముందుగా చూడాల్సింది మాత్రం ఒక్కో ఖాతా పక్కన ఉన్న మాట.

'క్లోజ్డ్' అంటే మొత్తం కట్టేశారని అర్థం. 'సెటిల్డ్' అంటే మొత్తం కట్టలేదు, బ్యాంకు కొంత వదులుకుని సర్దుబాటు చేసుకుందని. 'రిటన్ ఆఫ్' అంటే వసూలు కాదని బ్యాంకు తన పుస్తకాల్లో పక్కన పెట్టిందని. ఇది మాఫీ కాదు. బాకీ అలాగే ఉంటుంది, వసూలు ప్రయత్నాలూ సాగవచ్చు. 'సూట్ ఫైల్డ్' అంటే మీ మీద బాకీ దావా వేశారని.

వీటితో పాటు నెలనెలా ఎన్ని రోజులు ఆలస్యంగా కట్టారో కూడా ఉంటుంది. సిబిల్ రిపోర్టు 36 నెలల వరకు ఈ లెక్క చూపిస్తుంది. 90 రోజులు దాటితే ఆ ఖాతా మొండి బాకీల్లోకి వెళుతుంది.

చేబదుళ్లు, ప్రామిసరీ నోటు మీద ప్రైవేటు వ్యక్తుల దగ్గర తెచ్చిన వడ్డీ అప్పులు ఈ రిపోర్టుల్లోకి రావు. ఐపీ పిటిషన్లలో కనిపించే బాకీల్లో చాలావరకు ఇవే ఉంటాయి. కానీ అదే జాబితాలో బ్యాంకు లోన్ కూడా ఉంటే, కోర్టు ఉత్తర్వు వచ్చినంత మాత్రాన రిపోర్టులో ఎంట్రీ దానంతటదే మారదు.

మచ్చ ఎన్నాళ్లుంటుంది?

దీనికి రెండు గడువులు గుర్తుపెట్టుకోవాలి.

మొదటిది 12 నెలలు. 2023 జూన్ 8న ఆర్‌బీఐ తెచ్చిన నిబంధనల ప్రకారం, రాజీ సెటిల్‌మెంట్ చేసుకున్న వారికి ఆ బ్యాంకు లేదా ఫైనాన్స్ సంస్థ మళ్లీ అప్పివ్వాలంటే కనీసం 12 నెలలు ఆగాలి. వ్యవసాయ రుణాలకు ఈ గడువును ఆయా సంస్థలే నిర్ణయించుకోవచ్చు. 12 నెలలన్నది కనిష్ఠం మాత్రమే. బ్యాంకు బోర్డు ఇంకా ఎక్కువ పెట్టుకోవచ్చు.

రెండోది ఏడేళ్లు. క్రెడిట్ సమాచారాన్ని కనీసం ఏడేళ్లు ఉంచాలని నిబంధనలు చెబుతున్నాయి. 'ఏడేళ్లు దాటగానే రికార్డు చెరిపేస్తారు' అని యూట్యూబ్‌లో వినిపించే మాటకు మూలం ఇదే. కానీ నిబంధనలో ఉన్నది 'కనీసం' అనే మాట. ఏడేళ్లకు తప్పనిసరిగా తీసేయాలని అందులో లేదు.

మరో అపోహ కూడా ఉంది. మూడేళ్లు దాటితే బాకీ కాలాతీతం అయిపోతుంది కాబట్టి రికార్డు కూడా పోతుందని. కాలపరిమితి చట్టం అడ్డుకునేది కోర్టులో దావా వేయడాన్నే. రిపోర్టులో ఎంట్రీకి దాంతో సంబంధం లేదు.

మొదట చేయాల్సిన పని

నాలుగు సంస్థల నుంచీ రిపోర్టు తెప్పించుకోండి. ఒక్కో సంస్థ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. వాటి వెబ్‌సైట్లలో పాన్, మొబైల్ నంబరుతో తీసుకోవచ్చు. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. అప్పు కోసం బ్యాంకులు చూసినప్పుడే ఆ ప్రభావం ఉంటుంది.

రిపోర్టు చేతికి వచ్చాక ఈ నాలుగూ చూడండి.

1. మీవి కాని లోన్లు, కార్డులు ఉన్నాయా? పేరు, పాన్ కలిసిపోయి వేరొకరి బాకీ మీ ఖాతాలో పడటం జరుగుతుంటుంది.

2. మొత్తం కట్టేసిన లోన్ ఇంకా బాకీగా చూపిస్తోందా?

3. సెటిల్ చేసుకున్నాక కూడా బకాయి మొత్తం సున్నా కాకుండా ఉందా?

4. మీరు హామీ సంతకం పెట్టిన లోన్ ఏమైనా ఎగవేతలో ఉందా? స్నేహితుడి లోన్‌కు పెట్టిన సంతకం కూడా మీ రిపోర్టుకు ఎక్కుతుంది.

పాత లోన్‌ను బ్యాంకు ఆస్తుల పునర్నిర్మాణ సంస్థకు అమ్మేసి ఉంటే ఖాతా ఆ సంస్థ పేరుతో కనిపించవచ్చు. అప్పుడు డబ్బు కట్టేది ఎవరికి, నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకునేది ఎవరి దగ్గర అన్నది ముందే తేల్చుకోవాలి. ఫోన్ చేసిన ఏజెంటు చెప్పిన ఖాతాలో డబ్బు వేయొద్దు. బ్యాంకు నుంచి రాతపూర్వకంగా అడగండి.

తప్పు ఉంటే ఎవరిని అడగాలి?

క్రెడిట్ సంస్థ వెబ్‌సైట్‌లో వివాదం నమోదు చేయవచ్చు, నేరుగా బ్యాంకుకూ రాయవచ్చు. రెండూ చేయడం మంచిది. ఎందుకంటే క్రెడిట్ సంస్థ సొంతంగా ఎంట్రీ మార్చదు. అప్పిచ్చిన సంస్థ నిర్ధారిస్తేనే మారుస్తుంది.

ఇక్కడ 2023 అక్టోబర్ 26 నాటి ఆర్‌బీఐ ఆదేశాలు వినియోగదారుడికి బలం ఇచ్చాయి. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో పరిష్కరించాలి. ఇందులో బ్యాంకుకు 21 రోజులు, మిగిలిన సమయం క్రెడిట్ సంస్థకు. 30 రోజులు దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఉదాహరణకు మీ ఫిర్యాదు 50వ రోజున తేలితే 20 రోజులకు 2,000 రూపాయలు రావాలి. ఆలస్యం ఎవరి వల్ల జరిగిందో వారే కట్టాలి. మీ విన్నపాన్ని తిరస్కరిస్తే కారణం కూడా చెప్పాలి.

మీ రిపోర్టును ఎవరైనా చూసినప్పుడు, మీ ఖాతాను ఎగవేతగా బ్యాంకు నమోదు చేసినప్పుడు ఎస్ఎంఎస్ లేదా ఈమెయిల్ రావాలని కూడా ఆ ఆదేశాల్లో ఉంది. పాత ఫోన్ నంబరే బ్యాంకు దగ్గర ఉంటే ఈ సందేశాలు మీకు చేరవు. నంబరు మార్చుకున్న వారు ముందు దాన్ని సరిచేయించుకోవాలి.

30 రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం సరిగా లేకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఆర్‌బీఐ సీఎంఎస్ పోర్టల్‌లో దరఖాస్తు ఉంటుంది. సందేహాలకు 14448 నంబరు ఉంది. 2022 సెప్టెంబర్ 1 నుంచి క్రెడిట్ సమాచార సంస్థలు కూడా ఈ పథకం కిందకు వచ్చాయి.

'సెటిల్డ్'ను 'క్లోజ్డ్'గా మార్చుకోవచ్చా?

సెటిల్డ్ అని ఉండటం తప్పు కాదు, జరిగినదే కాబట్టి ఫిర్యాదు చేస్తే పోదు. దానికి ఒకటే దారి. అప్పట్లో బ్యాంకు వదులుకున్న మొత్తాన్ని ఇప్పుడు కట్టి, ఖాతాను 'క్లోజ్డ్'గా మార్చమని అడగడం.

ఉదాహరణకు 1,80,000 రూపాయల కార్డు బాకీ 90,000కు సెటిల్ అయిందనుకుందాం. మిగిలిన 90,000 కడతానని బ్యాంకుకు రాయాలి. ఎంత కడితే క్లోజ్డ్‌గా మారుస్తారో రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు కట్టాలి. కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, ఒకట్రెండు నెలల్లో రిపోర్టు మారిందో లేదో చూడాలి. 2025 జనవరి 1 నుంచి బ్యాంకులు కనీసం 15 రోజులకు ఒకసారి సమాచారం పంపాలి కాబట్టి, మునుపటిలా నెలల తరబడి ఆగాల్సిన పని లేదు.

డబ్బు ఉంటేనే ఇది కుదురుతుంది. పాత బాకీకి 90 వేలు కట్టాలా, పిల్లల ఫీజుకు వాడాలా అన్నప్పుడు ఫీజే ముందు. త్వరలో హోమ్ లోన్ కావాలనుకునే వారికి మాత్రం ఈ ఖర్చు గిట్టుబాటు కావచ్చు. లెక్క చూడండి. 30 లక్షల రూపాయల లోన్, 20 ఏళ్ల గడువు, 8.5 శాతం వడ్డీ అయితే ఈఎంఐ సుమారు 26,035. స్కోరు బాగాలేదని 10 శాతానికి ఇస్తే సుమారు 28,951. నెలకు దాదాపు 2,900 తేడా. 20 ఏళ్లలో ఇది ఏడు లక్షల దాకా వెళుతుంది.

కొత్త చరిత్ర ఎలా రాసుకోవాలి?

పాత ఎంట్రీలను చెరపలేం. వాటి మీద కొత్త ఎంట్రీలు పేర్చగలం. అసలు అప్పే తీసుకోకుండా కూర్చుంటే స్కోరు బాగుపడుతుందనుకోవడం పొరపాటు. అప్పుడు బ్యాంకుకు కనిపించేది పాత ఎగవేత ఒక్కటే.

ఎఫ్‌డీ మీద క్రెడిట్ కార్డు: దెబ్బతిన్న వారికి సులువుగా దొరికేది ఇదే. ఫిక్స్‌డ్ డిపాజిట్ హామీగా ఉంటుంది కాబట్టి పాత స్కోరును పెద్దగా పట్టించుకోరు. లిమిట్ డిపాజిట్‌లో ఎంత శాతమన్నది బ్యాంకును బట్టి ఉంటుంది. కార్డు వివరాలు క్రెడిట్ సంస్థలకు వెళతాయో లేదో ముందే అడగండి. వెళ్లకపోతే ఈ పనికి ఉపయోగం లేదు.

వాడకం తక్కువగా ఉంచడం: లిమిట్‌లో 30 శాతం లోపు వాడమని సాధారణంగా చెప్పే సలహా. 50,000 లిమిట్ ఉంటే 15,000 లోపు. గడువుకు ముందే మొత్తం బిల్లు కట్టాలి. 'మినిమం డ్యూ' కడితే రికార్డులో ఎగవేత పడదు కానీ మిగతా మొత్తం మీద భారీ వడ్డీ పడుతుంది. మళ్లీ అదే ఊబి.

గోల్డ్ లోన్: బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థల గోల్డ్ లోన్లు కూడా రిపోర్టులోకి ఎక్కుతాయి. గడువులో తీరిస్తే మంచి ఎంట్రీ, నగలు వేలానికి వెళితే చెడ్డది. అవసరం లేకుండా స్కోరు కోసం నగలు తాకట్టు పెట్టొద్దు.

దరఖాస్తుల్లో తొందర వద్దు: ఒక బ్యాంకు కాదంటే వెంటనే ఐదు యాప్‌లలో ప్రయత్నిస్తారు. ప్రతి దరఖాస్తూ రిపోర్టులో నమోదవుతుంది. డబ్బు కోసం అల్లాడుతున్నారన్న సంకేతం బ్యాంకులకు వెళుతుంది.

కొత్త హామీ సంతకాలు వద్దు: కోలుకునే దశలో బావమరిది బైక్ లోన్ అయినా సరే. ఆ ఈఎంఐ మీ చేతిలో ఉండదు. అది తప్పితే దెబ్బ మీకూ తగులుతుంది.

స్కోరు ఎన్నాళ్లకు పెరుగుతుందన్న దానికి ఒకే జవాబు లేదు. అయితే నెలవారీ లెక్క కనిపించేది 36 నెలలే కాబట్టి, ఒక్క వాయిదా తప్పకుండా మూడేళ్లు నెట్టుకొస్తే కొత్త ఖాతాలో బ్యాంకుకు కనిపించేదంతా మంచి చరిత్రే అవుతుంది. ఈ పనికి మూడేళ్ల ప్రణాళిక వేసుకోవడం సబబు.

లోన్ అవసరం లేని యువతకూ ఇది వర్తిస్తుంది. బ్యాంకు ఉద్యోగాల నోటిఫికేషన్లలో అభ్యర్థికి సరైన క్రెడిట్ చరిత్ర ఉండాలన్న షరతు ఉంటోంది. కాలేజీ రోజుల్లో యాప్‌లో తీసుకుని మరిచిపోయిన ఐదు వేల లోన్ కూడా అక్కడ అడ్డు రావచ్చు.

వీరితో జాగ్రత్త

'30 రోజుల్లో సిబిల్ క్లీన్', 'సెటిల్డ్ తీసేస్తాం' అనే ప్రకటనలు సోషల్ మీడియాలో కనిపిస్తుంటాయి. ముందుగా ఫీజు, ఆపై పాన్, ఆధార్, ఓటీపీ అడుగుతారు. వారు చేయగలిగింది మీరు ఉచితంగా చేసుకోగల ఫిర్యాదు ఒక్కటే. నిజమైన ఎంట్రీని తీసేసే అధికారం ఏ ఏజెంటుకూ లేదు.

స్కోరు చూడకుండా లోన్ ఇస్తామనే యాప్‌లూ అంతే. నియంత్రిత సంస్థలతో కలిసి పనిచేసే లోన్ యాప్‌ల జాబితాను ఆర్‌బీఐ 2025 జులై 1 నుంచి తన వెబ్‌సైట్‌లో ఉంచుతోంది. డౌన్‌లోడ్ చేసే ముందు అందులో ఉందో లేదో చూడండి.

పాత బాకీ ఇంకా మిగిలి ఉంటే రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బంధువులకు ఫోన్ చేసి పరువు తీయడం, బెదిరించడం కూడా నిబంధనలకు విరుద్ధం. అలా జరిగితే కాల్ రికార్డు, స్క్రీన్‌షాట్లు దాచుకుని ముందు బ్యాంకుకు, తర్వాత అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి. బెదిరింపు ఉంటే పోలీసులకూ చెప్పాలి.

చట్టం ఇంకా చెప్పని సంగతి

ఇప్పటిదాకా చెప్పిన నిబంధనల్లో ఒక పోలిక ఉంది. సెటిల్‌మెంట్ తర్వాత ఆగాల్సింది 'కనీసం' 12 నెలలు. రికార్డు ఉండేది 'కనీసం' ఏడేళ్లు. గరిష్ఠం ఎంతో ఎక్కడా లేదు. ఫలానా రోజు తర్వాత ఈ పాత బాకీని పరిగణనలోకి తీసుకోకూడదు అని చెప్పే వ్యవస్థ మామూలు రుణగ్రహీతకు లేదు.

ఇందులో బ్యాంకుల వాదనా ఉంది. గడువు పెడితే కావాలని ఎగ్గొట్టి ఆ రోజు కోసం ఎదురుచూసే వారుంటారని. ఐపీ పేరుతో చీటీల డబ్బు ముంచిన వారిని చూసిన తెలుగువారికి ఈ భయం కొత్త కాదు. అయితే కావాలని ముంచినవాడిని, కాలం కలిసిరాక మునిగినవాడిని వేరు చేయడానికే దివాలా చట్టం ఉండేది. వ్యక్తుల విషయంలో 2016 చట్టం అమలు కానంత కాలం ఆ ఇద్దరికీ రిపోర్టులో పడేది ఒకటే మాట.

ఆ చట్టం ఎప్పుడు వస్తుందో మన చేతిలో లేదు. ఈ వారం మీరు చేయగలిగింది మాత్రం ఉంది. నాలుగు రిపోర్టులు తెప్పించుకోండి, ఒక్కో ఖాతా పక్కన ఏం రాసి ఉందో చదవండి. తప్పులున్నచోట ఫిర్యాదు పెట్టి తేదీ రాసి పెట్టుకోండి. 30 రోజుల లెక్క ఆ రోజు నుంచే మొదలవుతుంది.